గంటము నుండి మీట వఱకు
(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున వ్రాతపని నడచిన చరిత్ర)

నోటిమాట పలికిన క్షణముననే గాలిలో కలసిపోవును. వ్రాసిన మాట తాత పోయిన తరువాత మనుమని పక్షమున నిలిచి సాక్ష్యము చెప్పును. భూమి ఎవరిది, బాకీ ఎంత, శిస్తు చెల్లినదా లేదా అను ప్రశ్నలకు పల్లెయందు ఏనాడును సమాధానము చెప్పినది వ్రాతయే. కావుననే వ్రాయగలవానికి పల్లెలో గౌరవమును, దానితోపాటు భయమును కలిగినవి. సుమతీ శతకమున కరణమును గూర్చిన పద్యములు ఒకటికి మించి ఉండుటకు కారణ మిదియే. ఆ కవి పరిహసించినది కరణము చేతిలోని కలమును కాదు. ఆ కలము ఒక్కని చేతిలోనే ఉండుటను. ఈ ప్రాంతమున ఆ కలము ఎన్ని చేతులు మారినదో, ఎన్ని రూపములు దాల్చినదో తెలిసికొనుట గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఉచితమైన పని.

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున ఈ రెండు ఊళ్ళును రెండు పెద్ద బాటలమీద నున్నవి. మేడ్చల్ నాగపురము వైపు పోవు జాతీయ రహదారిమీదను, శామీర్‌పేట కరీంనగరము వైపు పోవు రాజీవ్ రహదారిమీదను ఉన్నవి. మేడ్చల్‌కు రైలు కూడ కలదు. సికిందరాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడు వఱకు వేయబడిన గోదావరిలోయ రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దము ముగియు వేళ ఇటు వచ్చినది. బాట ఉన్నచోటికి వార్త వచ్చును. వార్త వచ్చినచోట వ్రాత పెరుగును. నగరమునకు ఇంత చేరువనుండియు ఈ పల్లెలు చాలకాలము వ్రాత విషయమున పరాధీనములై యుండుట విచారింపదగిన సంగతి.

తాళపత్రముల కాలమున వ్రాయుట ఒక కఠినమైన వృత్తి. గంటముతో ఆకుమీద గీయవలెను, మసి పూయవలెను, తుడువవలెను. ఒక అక్షరము తప్పిన దానిని చక్కగా దిద్దుట సులభము కాదు. తిక్కన చెప్పుచుండగా కుమ్మరి గురునాథుడు ఎడతెగక వ్రాసెనని ఐతిహ్యము. కవికి ఎంత కీర్తియో, ఆ లేఖకునకును అంత కీర్తి రావలసినదే. గ్రంథము వ్రాయుట ఒక యెత్తు, దానిని కాపాడుట మరియొక యెత్తు. బమ్మెర పోతన భాగవతమున కొన్ని భాగములు శిథిలము కాగా పంచమ స్కంధమును గంగనయు, షష్ఠ స్కంధమును సింగనయు, ఏకాదశ ద్వాదశ స్కంధములను వెలిగందల నారయయు పూరించిరని ప్రతీతి. మూలమునకు వేరొక నకలు ఉండియున్నచో ఆ కొఱత ఏర్పడి యుండెడిది కాదు. నకలు లేని వ్రాత దీపము లేని యిల్లు వంటిది. ఈ మాట నేటి యంత్రయుగమున కూడ అక్షరాల సత్యము.

అసఫ్‌జాహీల పాలనమున ఈ ప్రాంతపు రైతునకు మరియొక చిక్కు కలిగెను. 1884 వఱకు రాజభాష ఫారసీ. ఆ సంవత్సరమున దాని స్థానమున ఉర్దూ వచ్చినది. రైతు మాటాడునది తెలుగు. వాని భూమిని గూర్చిన కాగితము మాటాడునది వేరొక భాష. సేత్వారు, పహాణీ, చౌఫస్లా, ఫైసల్ పట్టీ అను పేరులు పల్లెవాని నోట నలిగినవే గాని, అందలి వ్రాతను వాడు చదువలేకుండెను. గ్రామమున మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అను మువ్వురు అధికారులు. వారిలో దస్తరపు బస్తా పట్వారీ యింట నుండెడిది. కచేరి యొద్ద అర్జీనవీసు కూర్చుండెడివాడు. రైతు తన గోడు తెలుగులో చెప్పుకొనును. అతడు ఉర్దూలో వ్రాయును. క్రింద రైతు వ్రేలిముద్ర వేయును. తాను చెప్పినదే అందున్నదో లేదో ఆ వ్రేలికి తెలియదు. ఈ దుఃస్థితియే తెలంగాణమున చదువు కొఱకు, గ్రంథాలయముల కొఱకు జరిగిన ఉద్యమమునకు మూలకారణములలో నొకటి.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు దానికి మూలపురుషులు. 1921లో నగరమున జరిగిన ఒక సంస్కరణ సభలో న్యాయవాది అల్లంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను స్థాపించెను. పత్రిక చదువుటకు ఒకచోటు కావలెను. చదువనేర్చినవాడు చదువలేనివానికి చదివి వినిపించుటకు ఒక అరుగు కావలెను. ఆ అరుగే పల్లె గ్రంథాలయము. అక్కడ పుస్తకములు చదివినవారికంటె ఉత్తరములు చదివించుకొన్నవారును, అర్జీలు వ్రాయించుకొన్నవారును తక్కువవారు కారు.

తపాలా కథయు ఇట్టిదే. నిజాము రాజ్యమునకు 1869 నుండి స్వంత తపాలా బిళ్ళలు కలవు. వానిపై ఫారసీ లిపితోపాటు ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు అక్షరములును అచ్చొత్తబడినవి. రాజకార్యమున లేని తెలుగు తపాలా బిళ్ళమీద మాత్రము ఉన్నదన్నమాట! తంతి వార్త వచ్చినదనగా ఇంటిల్లిపాదియు గుండె చేతబట్టుకొనెడివారు. సామాన్యునకు తంతి వచ్చునది మరణవార్తకో, జబ్బు వార్తకో గదా! నిజాము తపాలా 1950లో భారత తపాలాలో లీనమైనది. తంతి మాత్రము 2013 జూలై నెలనడుమ దేశమంతట నిలిచిపోయినది.

1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప తెలుగునకు తలుపులు తెఱచుకొన్నవి. 1966లో తెలుగు అధికారభాషా చట్టము వచ్చినది. 1974లో అధికార భాషా సంఘమేర్పడి వావిలాల గోపాలకృష్ణయ్య దానికి తొలి అధ్యక్షుడయ్యెను. అయితే శాసనము చేసినంత మాత్రమున కార్యాలయమున వ్రాత మారదు. వ్రాయు పనిముట్టు ఉండవలెను. ఇంగ్లీషునకు 26 అక్షరములు. ఆ యంత్రమునకు మీటలు చాలును. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణితములు, ఒత్తులు. ఈ సంపదను నలుబది ఏబది మీటలలో ఇమిడ్చుటకై అక్షరములను ముక్కలు చేయవలసి వచ్చెను. తలకట్టు ఒక మీట, కొమ్ము ఒక మీట, ఒత్తు ఒక మీట. తప్పు దొర్లిన ఒక్కొక్కసారి పుట మొత్తము మరల కొట్టవలసి వచ్చెడిది. నకళ్ళు కావలెనన్న మసికాగితములు పెట్టి గట్టిగా కొట్టవలెను. నాలుగవ నకలు చదువుటకు కన్నులు చిల్లులు పడవలెను.

1984లో ప్రభుత్వము పటేలు పట్వారీల వ్యవస్థను రద్దు చేసినది. తరతరములుగా ఇండ్లలోనున్న బస్తాలు మండల కార్యాలయముల దారి పట్టినవి. కలము ఒకయింటి నుండి బయటపడినది గాని, పల్లెవాని చేతికి రాలేదు. 1998 నవంబరు 4న రిజిస్ట్రేషను శాఖయందు కంప్యూటరు పద్ధతి ప్రారంభమైనది. దస్తావేజును చేతితో నకలు వ్రాసి వారముల తరబడి త్రిప్పుకొను వాడుకకు స్వస్తి చెప్పబడినది. తెఱమీద అక్షరము కనబడుట, కనబడిన అక్షరమును చెఱిపి దిద్దుట, దిద్దినదానిని దాచుట, దాచినదానిని ఎన్నిసార్లయిన అచ్చుతీయుట అను నాలుగు పనులు లేఖకుని శతాబ్దాల కష్టమును తీర్చినవి. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్, 1983లో వచ్చిన వర్డ్ అను సాధనములు పాశ్చాత్య దేశములలో ఈ మార్పు తెచ్చినవి. మనదేశమున వాని ఫలము తెలుగునకు దక్కుటకు మరికొంత కాలము పట్టినది.

దానికి కారణ మొక్కటే: తెలుగు అక్షరమునకు యంత్రములో స్థిరమైన స్థానము లేకుండుట. అను, శ్రీలిపి, ఆకృతి మొదలైన ఫాంటులు వచ్చి పెండ్లిపత్రికలను, కరపత్రములను, చిన్న పత్రికలను అందముగా తీర్చిదిద్దినవి; ఆ మేలును మరువరాదు. కాని అవి ఇంగ్లీషు అక్షరముల చోట్లలో తెలుగు ముక్కలను కూర్చుండబెట్టినవి. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధముగా కూర్చుండబెట్టినది. ఆ ఫాంటు లేని యంత్రమున అదే ఉత్తరమును తెఱచిన తెలుగునకు బదులు అర్థములేని గుర్తుల గుంపు కనబడును. మేడ్చల్‌లో కూర్చిన పత్రిక సికిందరాబాదులో చదువరాకపోవుట విడ్డూరము కాదా? నిజాము కాలమున రైతు ఎదుట నిలిచిన అపరిచిత లిపియే యంత్రరూపమున మరల వచ్చినట్లయినది.

ఈ చిక్కును ముందుగా గట్టిగా అనుభవించినవారు విదేశములలోని తెలుగువారు. విద్యుత్తు మార్గమున ఉత్తరము పంపు పద్ధతికి 1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు శ్రీకారము చుట్టెను. పేరునకును ఊరునకును నడుమ @ గుర్తును ఉంచినవాడు అతడే. ఆ గుర్తునకు ఎడమవైపున ఉన్నది మనిషి పేరు. కుడివైపున ఉన్నది అతని ఉత్తరములు నిలువయుండు యంత్రము పేరు. పూర్వము ఉత్తరముల సంచి ఒక తపాలా కచేరి నుండి మరియొక కచేరికి చేతులు మారినట్లే, ఈ-మెయిలును యంత్రము నుండి యంత్రమునకు చేతులు మారుచు పోవును. 1990 ప్రాంతమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు తెలుగును ఇంగ్లీషు అక్షరములతో నిస్సందేహముగా వ్రాయుటకు ఒక పద్ధతి నేర్పరచిరి. దానినే ఆర్.టి.ఎస్. అందురు. హ్రస్వ దీర్ఘములు, ఒత్తులు పోకుండ పద్యములను సైతము ఆ పద్ధతిలో వ్రాసి సముద్రముల కావల నున్నవారు ఒకరికొకరు పంపుకొనిరి. మనదేశమున సామాన్య ప్రజకు అంతర్జాలము 1995 ఆగస్టు 15న లభించినది.

శాశ్వత పరిష్కారము యూనికోడ్ వలన కలిగెను. ప్రపంచ లిపులన్నింటికిని ఒకే పట్టికలో విడివిడిగా స్థానము లిచ్చిన ఈ పద్ధతి 1991లో వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానములు కలవు. ప్రతి అక్షరమునకును సర్వేనంబరు వంటి సంఖ్య యొకటి. ‘క’ అను అక్షరము సంఖ్య 3093. మేడ్చల్‌లోనైనను మెల్బోర్న్‌లోనైనను అది మారదు. ‘స్త్రీ’ అను అక్షరమును యంత్రము ఆరు భాగములుగా దాచుకొనును: స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘమైన గుడి. వానిని కలిపి ఒక్క అక్షరముగా చూపించు బాధ్యత ఫాంటుది. దాచుట వేరు, చూపుట వేరు అను ఈ విభజనయే సర్వమునకును కీలకము. ఫాంటు మారినను అక్షరము మారదు. కావున వెదకిన దొరకును, అకారాది క్రమమున పేర్చిన పేరును. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఈ పద్ధతికి తగిన ఫాంటులను కూర్చి పోతన, వేమన అని పేరులిడి ఉచితముగా లోకమున కిచ్చెను. గ్రంథము కొంత శిథిలమైన కవి పేరు శిథిలము కాని లిపికి వచ్చుట ఎంత సముచితము! 2003లో తెలుగు వికీపీడియా మొదలైనది. 2006లో వీవెన్ లేఖిని అను పనిముట్టును ఇచ్చెను. ఇంగ్లీషు మీటలు నొక్కినను తెలుగు పడును. వెన్న నాగార్జున పద్మ అను సాధనముతో పాత ఫాంటులలోని వ్రాతను యూనికోడులోనికి మార్చు దారి చూపెను. వీరందఱు ఈ కాలపు గురునాథులు.

ఇక ఈ సాధనములు పల్లెలో నిత్యము ఏ యక్కఱ తీర్చునో చూడవలెను. గ్రంథాలయ సభ్యులు నూర్గురు కలరనుకొందము. సభకు రమ్మని నూఱు ఉత్తరములు వ్రాయవలెనన్న ఒకనాటి పని. వర్డు ప్రాసెసరునందు ఉత్తరము ఒక్కసారి వ్రాసి, పేరు ఉండవలసినచోట ఖాళీ యుంచి, పేరుల పట్టికను దానికి జోడించిన నూఱు ఉత్తరములు నూఱు పేరులతో వెలువడును. దీనిని మెయిల్ మెర్జ్ అందురు. పుస్తకముల జాబితాలో ఒక పేరు వెదకుట పుటలు త్రిప్పు పని కాదు, క్షణమున దొరకును. ఒకే ఉత్తరము పలువురకు పంపునపుడు కనబడు ‘సీసీ’ అను రెండక్షరములు పూర్వపు మసికాగితపు నకలునకు గుర్తులే. ఫాంటు భయము ఉన్నప్పుడు పీడీఎఫ్‌గా మార్చి పంపిన వ్రాత ఎక్కడ తెఱచినను చెదరదు. గల్ఫు దేశమున నున్న కుమారునకు భూమి కాగితపు నకలు చూపవలెనన్న పదునైదు దినములు ఎదురుచూడ నక్కఱలేదు.

అర్జీల విషయమున లాభము ఇంకను పెద్దది. 2005 సమాచార హక్కు చట్టము ప్రకారము పౌరుడు తన ప్రాంతపు అధికారభాషలోనే, కాగితముమీదనైనను విద్యుత్ మాధ్యమమున నైనను సమాచారము కోరవచ్చును. సాధారణముగా 30 దినములలో బదులు రావలెను. వ్రాయలేనివాడు నోట చెప్పినచో దానిని వ్రాతలో పెట్టుటకు అధికారియే తోడ్పడవలెనని ఆ చట్టము విధించినది. అర్జీనవీసు యెదుట తలవంచిన తరమువారు ఈ ఒక్క నిబంధనను వినియున్నచో కన్నీరు పెట్టుకొనెడివారు. ఈ-మెయిలు పంపిన తేదీ, గంట, నిమిషము దానియందే నిలిచియుండును. ‘నీ అర్జీ మాకు అందలేదు’ అను మాటకు అదియే బదులు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము విద్యుత్ పత్రములకు చట్టబద్ధత కల్పించినది. వీలునామాకు మాత్రము ఆ చట్టము వర్తింపదు. అది నేటికిని కాగితముమీద, సాక్షుల సంతకములతోనే ఉండవలెను. యంత్రమును నమ్మి ఈ భేదమును మరచినవారి వారసులు చిక్కులపాలగుదురు.

ఈ ప్రాంతమునకు భూమి వ్రాత చరిత్రలో ఒక విశేష స్థానము కలదు. పూర్వము శామీర్‌పేట మండలములో నున్న మూడుచింతలపల్లి గ్రామముననే 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభింపబడినది. రాష్ట్రమందలి వ్యవసాయ భూముల లెక్క యంతయు అంతర్జాలమున కెక్కినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. బస్తాలో నున్న వ్రాత తెఱమీదికి వచ్చుట మేలే. కాని తెఱమీది తప్పును దిద్దించుకొనుటకు మరల అర్జీ కావలెను. ఆ అర్జీకి మీట నొక్కువాడు కావలెను. పేరులో ఒక అక్షరము మారినను, విస్తీర్ణములో ఒక గుంట తగ్గినను రైతునకు నిద్ర పట్టదు. నలుబది గుంటల ఎకరములో ఒక గుంట పోయినదనగా పాతిక భాగములలో ఒక భాగము కాదు గదా, నలుబదింట ఒకటే గదా అని నగరవాసి అనుకొనవచ్చును. ఆ గుంటయే ఇంటికి పోవు దారి యైనప్పుడు దాని విలువ తెలియును.

ఇక్కడనే జాగ్రత్త వహింపవలెను. పట్వారీ పోయెను, అర్జీనవీసు పోయెను. కాని మీట నొక్కు కొట్టు యెదుట రైతు చేతులు కట్టుకొని నిలుచుట పోలేదు. తన ఈ-మెయిలు పేరేమో తనకు తెలియదు. దాని సంకేతపదము కొట్టువాని పుస్తకములో నుండును. తన ఫోనునకు వచ్చిన అంకెలను అడిగినవారికెల్ల చెప్పును. ఇది నాటి వ్రేలిముద్రకు నేటి రూపము. ఒకనాడు ఉర్దూ రాక మోసపోయినవాని మనుమడు నేడు మీట తెలియక మోసపోవుచున్నాడన్న, లోకము మారినది ఎక్కడ?

మరియొక లోపము విద్యావంతులది. తెలుగు మీటలు చేతిలోనుండగా తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయు అలవాటు ఇంటింట ప్రబలినది. ఆర్.టి.ఎస్. వారికి అప్పుడు వేరొక దారి లేదు, పైగా వారు హ్రస్వ దీర్ఘములు తప్పలేదు. నేటివారికి దారి యున్నది, నియమము లేదు. ‘పాలు’ అన్నదో ‘పళ్ళు’ అన్నదో ఊహించుకొనవలసిన వ్రాత వ్రాత యగునా? అట్లే పాత ఫాంటులలో కూర్చిన గ్రామ చరిత్రలు, సంఘముల పుస్తకములు, సభల సంచికలు ఎన్నో పనికిరాని ఫైళ్ళుగా మూలబడి యున్నవి. వానిని యూనికోడులోనికి మార్చి రెండు మూడు చోట్ల నకళ్ళుంచనిచో, చెదలు పట్టిన తాటాకులకును వానికిని భేదముండదు. వానిని పూరించుటకు గంగన, సింగన, నారయలు మరల పుట్టరు.

ఈ పనికి గ్రంథాలయము కంటె తగినచోటు వేరొకటి లేదు. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయములకు పన్ను చెల్లించుచున్నారు. అది చదువు కొఱకు వసూలగుచున్న ధనము. ఒక బల్లమీద ఒక కంప్యూటరు, ప్రక్కన ఓపికగల యువకు డొకడు, వారమున కొక సాయంకాలము చాలును. తన పేరు తాను తెలుగున కూర్చుకొనుట, తన అర్జీని తాను వ్రాసి పంపుట, తన సంకేతపదమును తన మనసులోనే దాచుకొనుట అను మూడు విద్యలు ఊరివారికి నేర్పినచో, నూఱేండ్ల క్రిందట పెద్దలు ఏ పని కొఱకు గ్రంథాలయములు తెఱచిరో ఆ పని పూర్తియగును. పుస్తకము చదువనేర్పిన అరుగు మీట నొక్కనేర్పుటకు వెనుదీయరాదు. గంటమైనను, కలమైనను, మీటయైనను సాధనమే. అది ఎవరి చేతిలో నున్నదనునదే చరిత్ర. అది ప్రతి గ్రామస్థుని చేతికి వచ్చిననాడు ఈ ప్రాంతపు లేఖన చరిత్రలో ఒక అధ్యాయము సుఖాంతముగా ముగియును.